కుదుపును మ్రింగు యంత్రము

ఏలూరునుండి కైకలూరునకు పోవు బాట కొల్లేటి మెత్తనిమట్టిపై పోసిన కట్టమీదుగా సాగును. బుడమేరు, తమ్మిలేరు పొంగిన యేట పెదఎడ్లగాడి పరిసరములలో వరద ఆ బాటనే ముంచెత్తుట కలదు. నీరు తీసిన పిమ్మట అడుగునేల అచ్చటచ్చట క్రుంగి, కంటికి నున్నగా తోచు తారులో సైతము పొడవైన అలలు మిగులును. బాటకు తగినట్లు తన్ను మార్చుకొను అడాప్టివ్ సస్పెన్షనుగల పెద్ద ఎస్‌యూవీలో అట్టి బాటపై నడుము నొచ్చినవారు మొట్టమొదట దానిని నడుపు కంప్యూటరునే నిందింతురు. కాని యీ సస్పెన్షను పుట్టుపూర్వోత్తరములు ఎరిగినవారు పరీక్షను దాని ప్రాచీనావయవములనుండియే ఆరంభింతురు.

1804లో ఒబదయా ఇలియట్ అను ఆంగ్లేయుడు గుఱ్ఱపుబండ్లకు దీర్ఘవృత్తాకారపు ఉక్కుకమానులను కూర్చెను. 1888లో డన్‌లప్ గాలిటైరుకు పేటెంటు పొందెను. కమాను కుదుపును మ్రింగును గాని మరల కక్కును. ఆ ఊగును అణచుటకై ఇరువదవ శతాబ్ది తొలి దశకమున ఫ్రాన్సులో మారిస్ హుడాయ్ నూనెతో పనిచేయు షాక్ అబ్సార్బరును నిర్మించెను. అందులో నూనె పోవు రంధ్రము విశాలమైనచో బండి ఊగుచునే యుండును, ఇరుకైనచో ప్రతి గులకరాయియు వెన్నెముకకు తెలియును. ఈ వైరుధ్యమును పరిహరింప, పయనమధ్యముననే నూనెకు కలుగు ఆ నిరోధమును మార్చు విధానము 1983లో టొయోటా సోరర్ కారునందును, ఎలక్ట్రానిక్ నియంత్రణగల గాలిస్ప్రింగులు 1992లో రేంజ్‌రోవరునందును కానవచ్చినవి. 1940 దశకమున అమెరికాలో జేకబ్ రాబినోవ్ పరిశోధించిన ఇనుపరజను ద్రవము, అయస్కాంతక్షేత్రమున తృటిలో చిక్కబడు గుణముచే, 2002లో కాడిలాక్ కారు షాక్ అబ్సార్బర్లలో ప్రవేశించెను.

ఇక దోషాన్వేషణ. బండి చల్లగానున్నప్పుడు టైరుగాలిని డ్రైవరు తలుపువద్ద అంటించిన పట్టికతో సరిచూడవలెను. టైరుప్రక్కన 2319 అని ముగియు సంఖ్య యున్నచో అది 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని గ్రహింపవలెను. అందముకొఱకు ఇరువదిరెండంగుళాల రిమ్ములు వేయించినచో టైరుప్రక్క పలుచనై, కుదుపును మ్రింగు చోటే తగ్గును. పిదప సస్పెన్షను కీళ్లలోని రబ్బరుబుష్‌ల పగుళ్లను, షాక్ అబ్సార్బరు ఒంటిపై నూనెచెమ్మకు అంటుకొన్న దుమ్మును చూడవలెను. రాత్రి నిలిపిన బండి తెల్లవారునప్పటికి ఒకమూల క్రుంగినచో గాలిస్ప్రింగు కారుచున్నదేమోయని సబ్బునీళ్లతో వెదకవలెను. చక్రపు ఎత్తును కొలుచు సెన్సరు కడ్డీ బురదలో బిగిసినను, విరిగినను, కంప్యూటరుకు తప్పుడు వార్తయే అందును. కంప్యూటరులోని దోషసంకేతములను చదువు స్కానరు వంతు అటుపిమ్మటనే.

బాటయు పరీక్షాసాధనమే. తాడేపల్లిగూడెమువైపు జాతీయరహదారిపై వంతెనల అతుకులవద్ద మాత్రమే ‘టక్కు’మనుచున్నచో టైరును, బుష్‌ను అనుమానింపవలెను, కొల్లేటి బాటపై ఒకసారి లేచిన బండి రెండుమూడు ఊగులకు గాని నిలువనిచో షాక్ అబ్సార్బరును. బండి దేహపు సహజమైన ఊగు సెకనుకు రమారమి ఒకటి. గంటకు 60 కిలోమీటర్ల వేగమున సెకనుకు 16.7 మీటర్లు గడచును గనుక, సుమారు అంతదూరమున వరుసగా అలలున్నచో ఆ యూగు పెచ్చరిల్లును. వేగమును 40కి దించగా అది శమించినచో, బండికి మరమ్మతు చేయించుటకు ముందు బాటకు చేయింపవలసియుండును.