వచ్చిందెవరో రాసుకున్నారా?

ఆహ్వానపత్రిక మీద నాలుగు సంస్థల పేర్లుంటాయి. హాల్లో కూర్చున్నవాళ్ల పేర్లు వాటిలో ఒక్కదాని దగ్గరైనా ఉన్నాయా?

కళాసంస్థలు చేయీ చేయీ కలిపి ప్రేక్షకుల్ని ఎలా పెంచుకుంటున్నాయో అమీర్‌పేట, పంజగుట్ట చుట్టుపక్కల చూసి రాయమన్నారు ఎడిటర్, అదీ గురువారానికల్లా. నిర్వాహకుల నాలుగు మాటలు, హాలు ఫొటో, చివర కాస్త ఆశాభావం. ఇలాంటి కథనం ఎలా తయారవుతుందో పాఠకులకీ తెలుసు. నన్ను మాత్రం వాటన్నిటికంటే ఒక పాత చట్టం పట్టుకుంది. సినిమాటోగ్రాఫ్ చట్టం, 1952. అందులో సెక్షన్ 9.

దాని సారం ఇంతే. ఏ సినిమానైనా, ఏ తరగతి సినిమాలనైనా, కొన్ని షరతుల మీద కేంద్రం ఈ చట్టం నిబంధనల నుంచి మినహాయించవచ్చు. మన దేశంలో ఫిల్మ్ సొసైటీలు బతికింది ఈ సందులోనే. సెన్సారు సర్టిఫికెట్ లేని విదేశీ సినిమా వేసుకోవచ్చు, కానీ సభ్యులకే వేయాలి, గేటు దగ్గర టికెట్ అమ్మకూడదు. సభ్యులకే అన్నాక సభ్యులెవరో తేలాలి కదా! అందుకని చందా, రసీదు, కార్డు, వీటన్నిటికీ ఒక రిజిస్టరు.

ప్రేక్షకుల్ని అర్థం చేసుకుందామని ఆ రిజిస్టరు ఎవరూ తెరవలేదు. సెన్సారు గొడవ లేకుండా సినిమా చూసుకుందామని తెరిచారు. అయితేనేం, తమ ముందు కూర్చున్నదెవరో పేరుపేరునా తెలిసే వీలు దొరికింది. ఫలానా ఆయన ఏ పేటలో ఉంటాడు, నిరుడు చందా కట్టి ఈ ఏడు మానేసిందెవరు, మళ్లీ వచ్చిందెవరు. మానేసినవాళ్ల పేర్లు తెలియడం ఎంత పెద్ద సంగతో నాటకాలు వేసేవాళ్లని అడగండి. టికెట్ పెడితే తలలు లెక్కకొస్తాయి, పేర్లు రావు. పాసులు పంచితే తలల లెక్కా తేలదు.

ఈ కథకి అమీర్‌పేటలో చిరునామా సారథి స్టూడియోస్. అక్కడి ప్రివ్యూ థియేటర్లో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ ఎన్నో ఏళ్లుగా ప్రపంచ సినిమా వేస్తూ వచ్చింది. ఒక్క సంస్థ ఒంటిచేత్తో చేసే పని కాదది. రీళ్ల కాలంలో ప్రింటు ఏ రాయబార కార్యాలయం నుంచో, పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ నుంచో రావాలి. ఒక ఊళ్లో ఆట అవగానే ఆ రీళ్ల డబ్బాలు ఇంకో ఊరి సొసైటీకి రైలెక్కాలి. మధ్యలో ఒకరు బద్ధకిస్తే వెనకవాళ్ల ఆట ఆగిపోతుంది. ఊరూరికీ ఈ వరస కుదర్చడం ఫిల్మ్ సొసైటీల ఫెడరేషన్ వంతు. ఫ్రెంచి సినిమాలకి అలయాన్స్ ఫ్రాంసేజ్, జర్మన్ సినిమాలకి గోథె కేంద్రం తోడొచ్చేవి. భాష నేర్చుకుంటున్న విద్యార్థులు ఆ వైపు నుంచి, సినిమా పిచ్చివాళ్లు క్లబ్బు వైపు నుంచి వచ్చి ఒకే చీకట్లో కూర్చునేవారు. ప్రేక్షకుల్ని పెంచడమంటే నాకు తెలిసి ఇదే. దానికప్పట్లో పథకమూ లేదు, పవర్‌పాయింటూ లేదు.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మిత్రులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1959లో దేశంలోని సొసైటీలు కలిసి ఫెడరేషన్‌గా ఏర్పడ్డాయి, తొలి అధ్యక్షుడు రాయ్. సారథి స్టూడియోస్‌లో తీసిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ వచ్చిందీ ఆ ఏడే. 1970ల్లో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్. 1993లో పుట్టిన నాటక సంస్థ రసరంజని తెలుగు నాటకాన్ని టికెట్ కొని చూసే అలవాటు నగరానికి చేయబోయింది. 2010లో లామకాన్ కళావేదిక.

డిజిటల్ వచ్చాక డబ్బాలు పోయాయి. ఒకరి కోసం ఒకరు వేళకి పని ముగించే క్రమశిక్షణ కూడా వాటితోపాటే పలచబడిందని నా అనుమానం. ఇప్పుడు చాలాచోట్ల కలిసి పనిచేయడమంటే ఆహ్వానపత్రిక మీద ‘సంయుక్త ఆధ్వర్యంలో’ అన్న మాట. హాలు ఒకరిది, సినిమా ఒకరిది, బ్యానరు మరొకరిది, ఫొటోలో మాత్రం అందరూ. అడుగున ‘ప్రవేశం ఉచితం’. ఉచితం మీద నాకు కోపం లేదు. ఉచితం కదా అని వచ్చినవాడి పేరు కూడా అడక్కపోవడం మీద ఉంది.

అడగాల్సినవాళ్లు ఎదురుగానే ఉన్నారు. మైత్రీవనం నుంచి సత్యం థియేటర్ రోడ్డు దాకా (సత్యం పోయి, 2023లో అదే చోట ఏఏఏ సినిమాస్ వచ్చిందనుకోండి) ఎటు చూసినా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. రెండు రాష్ట్రాల జిల్లాల నుంచీ జావా, పైథాన్ నేర్చుకోడానికి వచ్చిన పిల్లలు. సారథి స్టూడియోస్ గేటు వాళ్లకి నడిచిపోయేంత దూరం. సాయంత్రం బ్యాచి ఉన్నవాడికి ఆరున్నర ఆట కుదురుతుందా? హాస్టల్ తలుపు ఎన్నింటికి మూస్తారు? ఆదివారం పొద్దున్నయితే వస్తాడా? 2017 నవంబరులో మెట్రో వచ్చింది, అమీర్‌పేట రెండు లైన్లు కలిసే స్టేషనయింది, దాని పక్కది పంజగుట్ట. ఇప్పుడు ఎల్బీనగర్ మనిషీ నాగోలు మనిషీ రైలు మారకుండానే ఇక్కడ దిగొచ్చు. అలా దిగి హాలుకి వస్తున్నారో లేదో తెలియాలంటే వచ్చినవాళ్ల ఊసు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

ఇంగ్లండ్‌లో ఈ పని పెద్ద ఎత్తున చేశారు. ఆర్ట్స్ కౌన్సిల్ డబ్బుతో నడిచిన ‘ఆడియన్స్ ఫైండర్’లో హాళ్ల టికెట్ల వివరాలు, సర్వే జవాబులు ఒకచోట పోగుచేసి అందరికీ అందుబాటులో పెట్టారు. అందులో పిన్‌కోడు చూసి మనిషి అభిరుచి చెప్పేసే వ్యవహారం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఒకే పేటలో త్యాగరాజ కీర్తనలకి చెవికోసుకునేవాడూ, గజల్ లేనిదే నిద్రపట్టనివాడూ పక్కపక్క ఇళ్లలో ఉండే ఊరిది. కానీ నీ ప్రేక్షకుడి సంగతి నాకు చెప్పు, నా ప్రేక్షకుడి సంగతి నీకు చెప్తాను అనే ఒప్పందం మాత్రం తెచ్చుకోదగిందే.

కథనంలో పట్టనివి

● లామకాన్: పంజగుట్ట దాటి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 దగ్గర, ఒక ఇంటినే కళావేదిక చేశారు. చాయ్, సమోసా కోసం వచ్చి నాటకానికి ఆగిపోయినవాళ్లని ఏ పద్దులో రాయాలి?

● రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్: ప్రభుత్వ భాషా సాంస్కృతిక శాఖ ‘సినివారం’ పేరుతో శనివారాలు కొత్తవాళ్ల సినిమాలకి చోటిచ్చింది. తీసినవాళ్లు తమవాళ్లని వెంటేసుకొస్తారు. వాళ్లు పైవారం కూడా వస్తే అది అసలైన విజయం.

● శ్రీనగర్ కాలనీ సత్యసాయి నిగమాగమం: సంగీత, నృత్య సభలకి పేరు. అరంగేట్రం నాడు బంధువులతో హాలు నిండడం వేరు, మామూలు కచేరీకి నిండడం వేరు.

నిర్వాహకులకి ఒక్క మనవి. పెద్ద సర్వేలు వద్దు. తలుపు దగ్గర ఒక నోటుబుక్కు పెట్టండి. పేరు, పేట, ఏ వేళ కుదురుతుంది, ఈ మూడు చాలు. ఇష్టమైనవాళ్లే రాస్తారు. ఆహ్వానపత్రిక మీద పేర్లు పంచుకున్న నాలుగు సంస్థలూ మూడు నెలలకోసారి కూర్చుని, రాసినవాళ్ల ఒప్పుదలతో, ఆ పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసుకోండి. పాఠకులారా, ఈసారి సారథికో లామకాన్‌కో వెళ్లినప్పుడు ఆ పుస్తకం కనబడకపోతే మీరే అడగండి.