కొండనడుమ జంతుశాల, చిత్తడినడుమ రేవు

విశాఖపట్టణమునకు సెలవులకు వచ్చు దంపతులలో పెక్కుమంది రామకృష్ణ బీచి యిసుకపై ఒక సాయంకాలము గడపి, కైలాసగిరి యెక్కి దిగి, నగరమును చూచితిమని తృప్తిపడి వెడలిపోవుదురు. సముద్రపు గాలి మాకును ప్రియమైనదే. అయినను ఒక సెలవుదినమున నా భార్యయు నేనును ఉదయము జంతుశాలకును, ఎండ తగ్గినపిమ్మట రేవునకును పోయితిమి. ఒకటి మృగములకును, మరియొకటి ఓడలకును మనుష్యుడు కల్పించిన ఆశ్రయము. ఈ రెంటిని ఒక్కనాడే చూచినవారికి ఈ నగరపు స్వభావము చక్కగా బోధపడునని నా నమ్మకము.

ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల కంబాలకొండ యడవిలో, మూడు దిక్కుల తూర్పుకనుమల కొండలును నాలుగవదిక్కున బంగాళాఖాతమును పరివేష్టించియుండగా, సుమారు 625 ఎకరముల మేర విస్తరించియున్నది. 1977లో దీనిని ప్రజలకు తెరచిరి. పులుల కడను, సింహముల కడను, నీటి ఏనుగు మడుగుకడను పిల్లలు గుమిగూడియుండిరి. మేము మాత్రము రేచుకుక్కల ఆవరణముకడ చాలసేపు నిలిచిపోతిమి. ఎఱ్ఱమట్టి వన్నెగల మేను, గుండ్రని చెవులు, నల్లని కుచ్చుతోక. నేలపై ఒకదాని ననుసరించి యొకటి యడుగులు వేయుచున్నను ఏ యొక్కటియు చప్పుడు చేయదు.

“ఇవి మొరగవేమండీ?” అని నా భార్య యడిగినది.

ఊరకుక్కవలె మొరగుట వీని యలవాటు కాదు. దట్టమైన పొదలలో గుంపు చెదరినప్పుడు ఈలవంటి కూతతో ఒకదానినొకటి పిలుచుకొని మరల కూడుకొనును. వేటాడి వచ్చినవి తాము మింగిన మాంసమును కక్కి, బొరియలోనున్న తల్లికిని కూనలకును పెట్టును. ఇట్టి కుటుంబధర్మముగల జంతువును ఆంగ్లేయుల యేలుబడిలో క్రూరజాతిగా నెంచి, చంపినవారికి బహుమానము లిచ్చెడివారన్న సంగతి తలచుకొన్నప్పుడు మనసు కలుక్కుమనును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినపిమ్మట ఈ దుస్థితి తొలగినది గాని, ప్రపంచమునందలి యడవులన్నిటిని గాలించినను నేడు ఎదిగిన రేచుకుక్కలు 2,500కు లోపుగనే యుండునని శాస్త్రజ్ఞుల యంచనా. వీని సంతతిని పెంచు బాధ్యతను వహించిన జంతుశాలలలో విశాఖ జంతుశాల ముఖ్యమైనది. టిక్కెట్టు కొని వచ్చువారిలో ఈ సంగతి యెరిగినవారు మిక్కిలి తక్కువ. ఆవరణముకడ దీనిని నాలుగు పంక్తులలో పెద్దయక్షరములతో వ్రాసిపెట్టిన నెంత బాగుండును!

భోజనానంతరము పాతనగరమునకు పోయి, మేరీమాత దేవాలయమున్న రాస్ కొండ యెక్కితిమి. దాని సరసనే దర్గాకొండయు, వేంకటేశ్వరస్వామి కొండయు నున్నవి. అచ్చటినుండి క్రిందికి చూచినచో, ఆవలిగట్టున డాల్ఫిన్స్ నోస్ అనబడు కొండముక్కునకును ఈవలిగట్టునకును నడుమ ఇరుకైన నీటిదారి, అందు మెల్లగా లోనికి వచ్చు ఓడ, దానిని నడిపించుకొనివచ్చు చిన్న టగ్గులు కనబడును.

ఈ దారి తెరువకముందు ఓడలు నడిసముద్రముననే లంగరు వేసి నిలువవలసివచ్చెడిది. సరకును, మనుష్యులను ఒడ్డునకు చేర్చినవి మసూలా పడవలు. వీని పలకలను మేకులతో బిగింపక కొబ్బరిత్రాటితో కుట్టెడివారు. ఏలయనగా అల విసరికొట్టినప్పుడు మేకు బిగించిన పలక పగులును, కుట్టిన పలక కొంచెము వంగి దెబ్బను తప్పించుకొనును. మన తీరపు వడ్రంగుల బుద్ధికుశలత కింతకంటె నిదర్శన మక్కరలేదు. పిమ్మట కొండలవెనుకనున్న ఉప్పునీటి చిత్తడిని త్రవ్వి, మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమును బెంగాల్ నాగపూర్ రైలుమార్గమున తెచ్చి యెగుమతి చేయు తలంపుతో రేవును నిర్మించి 1933లో తెరచిరి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు దీనిపై బాంబులు వేసినవి. 1948 మార్చిలో ఇచ్చటి కర్మాగారమున కట్టిన ‘జల ఉష’ యను నౌకను జవాహర్‌లాల్ నెహ్రూ నీటిలోనికి ప్రవేశపెట్టెను.

“ఆ పడవ ఎక్కడికీ పోదేమండీ, అక్కడక్కడే తిరుగుచున్నది?” అని నా భార్య ముఖద్వారమువైపు చూపినది. అది ఇసుకను తోడు డ్రెడ్జరు. ఏడాదిలో ఎక్కువభాగము దక్షిణమునుండి వచ్చు అలలు తీరము వెంబడి ఇసుకను ఉత్తరమునకు నెట్టుచుండును. వదలివేసినచో అది రేవుద్వారమును పూడ్చివేయును. అందుకే నిర్మాణకాలముననే ద్వారమునకు దక్షిణమున రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. ఇసుక అచ్చట పేరుకొనును. డ్రెడ్జరు దానిని తోడును. అయితే దక్షిణమున ఆగిన ఇసుక ఉత్తరమునకు చేరదు గనుక రామకృష్ణ బీచి నానాటికి కోసుకొనిపోవును; కావున తోడిన ఇసుకలో కొంతభాగమును ఆ బీచి యొడ్డునకే చేర్చి పోయుదురు.