అండాశయాలలో నీటి బుడగలు: ముట్లుడుగుటకు ముందు, పిమ్మట

స్త్రీల వ్యాధులను గూర్చి మాట్లాడుకొనడానికి మన ఇండ్లలో ఇప్పటికీ సంకోచం మిగిలే ఉన్నది. అందునా ముట్లు క్రమం తప్పడం, పై పెదవి మీదను గడ్డం మీదను వెంట్రుకలు మొలవడం వంటి వాటిని తల్లి కూతురితో కూడ గుసగుసగానే ప్రస్తావిస్తుంది. సంబంధం చూడవచ్చిన వారికి తెలియగూడదన్న భయం ఒకవైపు, "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అన్న ఓదార్పు మరొకవైపు. పెళ్ళైన పిమ్మట ఆ మాటే "ఒక కాన్పు అయితే సరి" అని మారుతుంది. నలభై దాటితే "ముట్లుడిగితే పీడ వదులుతుంది" అన్న చోట ఆగుతుంది. ఈ మూడింటిలోను నిజం స్వల్పం. కడపటిది అన్నిటికంటె ప్రమాదకరం.

ఈ వ్యాధిని వైద్యులు పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోం అనీ, క్లుప్తంగా పి.సి.ఓ.ఎస్. అనీ వ్యవహరిస్తారు. 1935లో షికాగో నగర వైద్యులైన ఇర్వింగ్ స్టెయిన్, మైకేల్ లెవెంథాల్ ఏడుగురు స్త్రీలలో ఈ లక్షణాలను గుర్తించి ప్రకటించారు. చాలకాలం ఇది వారి పేరుతోనే పిలువబడింది. తరువాత వచ్చిన పేరులోని 'సిస్టు' అన్న మాట రోగులను అనవసరంగా భయపెట్టింది. స్కానింగులో ముత్యాల పేరువలె కనిపించే ఆ బుడగలు గడ్డలు కావు. ఎదుగుదల మధ్యలో నిలిచిపోయిన అండపుటికలు మాత్రమే. పేరు మార్చడం మేలని 2012లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పరచిన నిపుణుల సంఘమే సూచించింది.

వ్యాధి మూలం అండాశయంలో మాత్రమే లేదు. చాలమంది రోగులలో శరీర కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. ఆ లోటు పూడ్చడానికి క్లోమం మరింత ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. ఇది పీయూష గ్రంథి నుండి హెచ్చుగా వెలువడే ఎల్.హెచ్. అనే హార్మోనుతో కలిసి అండాశయాన్ని ప్రేరేపించగా, అక్కడ పురుష హార్మోన్లు అధికంగా తయారవుతాయి. ఇవి ప్రతి స్త్రీ శరీరంలోను కొద్దిగా ఉండేవే. వీటిని బంధించి ఉంచే ప్రోటీనును కాలేయం తయారుచేస్తుంది. ఇన్సులిన్ హెచ్చినపుడు అదీ తగ్గుతుంది. తత్ఫలితంగా మొటిమలు, అవాంఛిత రోమాలు, నడినెత్తిన జుట్టు పలుచబడడం, అండం విడుదల కాక ముట్లు వెనుకబడడం సంభవిస్తాయి. మెడ వెనుక నల్లబడి మందమయ్యే చర్మం కూడ ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి తరచు కనిపించే గుర్తు. దానిని మురికి అనుకొని పీచుతో రుద్దే తల్లులు నేటికీ ఉన్నారు. లావుగా ఉన్నవారికే ఈ వ్యాధి వస్తుందన్నది కూడ అపోహయే.

సంతానం పొందగల వయసులోని స్త్రీలలో సుమారు పదిమందిలో ఒకరికి ఈ సమస్య ఉన్నది. ముట్లు క్రమం తప్పడం, పురుష హార్మోన్లు హెచ్చడం, స్కానింగులో బుడగలు కనిపించడం అనే మూడింటిలో రెండుంటే, ఇతర కారణాలు లేవని తేల్చుకొని వ్యాధిని నిర్ణయించవచ్చునని 2003లో రాటర్‌డాంలో సమావేశమైన నిపుణులు నిశ్చయించారు. అయితే రజస్వల అయిన ఎనిమిదేండ్ల లోపు స్కానింగును ఆధారంగా తీసుకొనరాదని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పుచున్నవి. ఆ వయసులో ఆరోగ్యవంతుల అండాశయాలు కూడ అట్లే కనిపిస్తాయి. స్కానింగు కాగితం ఒక్కటి చూసి దిగులుపడే విద్యార్థినులు ఈ సంగతి గుర్తుంచుకొనడం అవసరం.

ముట్లు రానంతకాలం హాయి అనుకొనేవారు కొందరున్నారు. అండం విడుదల కానపుడు ప్రొజెస్టెరోన్ తయారు కాదు. ఈస్ట్రోజెన్ ఒక్కటే పనిచేస్తూ గర్భాశయపు లోపొరను మందంగా పెంచుతూ పోతుంది. ఏండ్ల తరబడి అట్లు సాగితే ఆ పొరలో క్యాన్సర్ పుట్టే ప్రమాదం హెచ్చుతుంది. అందుచేత మూడు నెలలు దాటినా బహిష్టు రాకపోతే వైద్యురాలిని కలిసి తగిన హార్మోను మాత్రలు వాడవలసి ఉన్నది. సంతానం కలుగదన్న భయం మాత్రం చాలవరకు నిరాధారం. అండం విడుదలకు లెట్రొజోల్ వంటి మందులున్నవి. చికిత్సతో తల్లులైనవారు ఎందరో. రోజూ చురుకైన నడక, అన్నం తగ్గించి పప్పు, కూరలు పెంచుకొనడం, వైద్యుని సలహాపై మెట్‌ఫార్మిన్ అనేవి ఇన్సులిన్ లోపాన్ని తగ్గించడానికి తోడ్పడతాయి.

ఇక నలభై సమీపించే వేళ ఒక విచిత్రం జరుగుతుంది. అండపుటికల సంఖ్య వయసుతో తగ్గడం వలన, ఇరవై ఏండ్లుగా క్రమం లేని ముట్లు తమంతట తామే గాడిలో పడవచ్చును. "నయమైపోయింది" అని మందులు, పరీక్షలు మానివేయడం ఇక్కడే మొదలవుతుంది. మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏండ్ల ప్రాంతంలో ముట్లుడుగుతాయి. ఈ వ్యాధి గలవారికి కొంత ఆలస్యం కావచ్చును. బహిష్టు ఆగినంత మాత్రాన ఇన్సులిన్ లోపం ఆగదు. పైగా ఈస్ట్రోజెన్ తగ్గిపోవడంతో కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది. అండాశయాలు పురుష హార్మోన్లను మరికొన్ని ఏండ్లు తయారుచేస్తూనే ఉండడం వలన గడ్డం మీది వెంట్రుకలు తగ్గక బాధిస్తాయి. మధుమేహం, రక్తపు పోటు, రక్తంలో కొవ్వు హెచ్చడం, నిద్రలో శ్వాసకు అంతరాయం కలగడం ఈ దశలో ఎదురుకాగల చిక్కులు. మొదటి మూడూ తొలినాళ్ళలో నొప్పి లేనివి కనుక పరీక్ష చేయించనిదే తెలియవు. గ్లూకోజు త్రాగించి రెండు గంటల తరువాత చేసే రక్తపరీక్షను ఒకటి నుండి మూడేండ్లకొకసారి, రక్తపు పోటును ఏటేటా చూపించుకొనడం మంచిది.

రెండు సూచనలను ఏ మాత్రం ఉపేక్షించరాదు. ముట్లుడిగి ఏడాది గడిచిన పిమ్మట ఒక్క చుక్క రక్తం కనిపించినా గర్భాశయ పరీక్ష తప్పదు. ఆ వయసులో అకస్మాత్తుగా రోమాలు విపరీతంగా పెరిగి గొంతు బొంగురుపోతే దానిని పాత వ్యాధికి అంటగట్టక, కంతి ఏదైనా ఉన్నదేమో చూడవలసి ఉన్నది.

యాభై దాటిన స్త్రీ చక్కెర పరీక్షకు వెళ్ళినపుడు తన యౌవనంలోని ముట్ల సంగతి చెప్పదు, వైద్యుడు అడగడు. ఆ రెంటికీ సంబంధం ఉన్నదని ఆమెకు తెలియదు. "ఇరవై ఏండ్లప్పుడు నాకు రెండేసి, మూడేసి నెలలకు గాని బహిష్టు వచ్చేది కాదు" అన్న ఒక్క వాక్యం ఆ వైద్యునికి ఎంతో ఉపకరిస్తుంది. ఈ వ్యాధి కుటుంబాలలో వచ్చేది గనుక, ఆమె కూతురికి, చెల్లెలికి కూడ.