ఎండిన ఏట్లో పూసిన మొగ్గ

నేపాల్‌లో అంతర్యుద్ధం 2006లో ముగిసింది. దిక్కులేని పిల్లలు మిగిలారు. పశ్చిమాన, కొండల నడుమ సుర్ఖేత్ లోయ. అక్కడ ఎండిన ఏట్లో ఓ పాప రాళ్లు కొడుతోంది. చూసిన మ్యాగీ డోయిన్ అనే అమెరికా అమ్మాయి మనసు ఆగలేదు. ఫీజు కట్టి బడికి పంపింది. ఆ తర్వాత ఇంకొకరు, మరొకరు...

ఫీజు సరే, బడి వదిలాక నిలువ నీడేదీ? పొరుగు పిల్లల్ని ఆడించి దాచుకున్న అయిదు వేల డాలర్లతో పంతొమ్మిదేళ్ల వయసులోనే స్థలం కొంది. ఊరివాళ్ల సాయంతో ఇల్లు లేచింది. పేరు 'కోపిలా'. అంటే నేపాలీలో మొగ్గ! 2010లో బడీ మొదలైంది. అన్నట్టు, అక్కడి విద్యార్థులంతా ఆ ఇంట్లోవాళ్లు కాదు. చాలామంది సాయంత్రానికి సొంతవాళ్ల దగ్గరికే వెళ్తారు, మధ్యాహ్నం బడిలోనే కడుపునిండా తిని.