బరువు లాగే డీజిల్ పికప్‌కు అదనపు గేజ్‌ల ఎంపిక

1. లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• వాహనంతో పాటు వచ్చే డాష్‌బోర్డు మీటర్లు ఏ విషయాలను చూపలేవో గుర్తించగలుగుతారు.
• ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత, బూస్ట్, ట్రాన్స్‌మిషన్ ఉష్ణోగ్రత, ఇంధన పీడనం అనే నాలుగు కొలతల ప్రాధాన్యాన్ని వివరించగలుగుతారు.
• ఒక వాహనానికి విడి గేజ్ అవసరమా, ఓ.బి.డి. మానిటర్ సరిపోతుందా అన్నది నిర్ణయించగలుగుతారు.

2. పరిచయం

మన దగ్గర పికప్ అంటే కూరగాయలు, సిమెంటు బస్తాలు మోసే సరుకు బండి. అమెరికాలో పికప్ అంటే ముందు పెద్ద క్యాబిన్, వెనుక తెరిచిన తొట్టి ఉండే శక్తిమంతమైన వాహనం. అక్కడి రైతులు పశువుల ట్రైలర్లను, యాత్రికులు చక్రాల మీది ఇళ్లను దీనికి తగిలించి లాగిస్తారు. ట్రైలరు బరువు నాలుగైదు టన్నులు ఉండటం సాధారణం.

కొలరాడో రాష్ట్రంలో ఐ-70 రహదారిపై డిల్లన్ పట్టణం నుంచి ఐసెన్‌హోవర్ సొరంగానికి వెళ్లే దారిని తీసుకోండి. ఎత్తు సుమారు 9,000 అడుగుల నుంచి 11,158 అడుగులకు (3,401 మీటర్లు) పెరుగుతుంది. వాలు దాదాపు 7 శాతం. ఈ ఎక్కుడులో ఇంజన్ చాలా నిమిషాల పాటు పూర్తి శక్తితో పనిచేయాలి. ఖాళీ బండి నడిపినప్పుడు ఎన్నడూ కనిపించని లోపాలు ఇక్కడే బయటపడతాయి.

3. డాష్‌బోర్డు మీటరు ఎందుకు చాలదు?

డ్రైవరు ముందుండే కూలంట్ మీటరు నమ్మదగినదే అయినా, దానికి రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, చాలా వాహనాలలో ఉష్ణోగ్రత కొంత మారినా ముల్లు మధ్యలోనే నిలిచేలా దాన్ని అమరుస్తారు. రెండోది, కూలంట్ నెమ్మదిగా వేడెక్కుతుంది. ఎగ్జాస్ట్ వాయువుల వేడి కొన్ని సెకన్లలోనే ప్రమాదస్థాయికి చేరగలదు. కూలంట్ మీద ఆ ప్రభావం కనిపించడానికి నిమిషాలు పడుతుంది. హెచ్చరిక దీపం వెలిగేసరికి నష్టం జరిగిపోయి ఉండవచ్చు.

కనుక గేజ్‌ను ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ ఇంజన్‌లో ఏ భాగం దెబ్బతినే అవకాశం ఎక్కువ? ఆ సంగతి డాష్‌బోర్డు చూపిస్తుందా? ముల్లు కదిలిన తరువాత డ్రైవరు చేయగలిగింది ఏమైనా ఉందా?

4. నాలుగు ముఖ్య కొలతలు

4.1 ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత: దీన్ని కొలిచే గేజ్‌ను పైరోమీటరు అంటారు. ఇందులో సాధారణంగా కె-రకం థర్మోకపుల్ వాడతారు. రెండు వేర్వేరు లోహాల తీగల సంధి వేడెక్కినప్పుడు స్వల్ప విద్యుత్ పొటెన్షియల్ ఏర్పడుతుంది. ఇదే సీబెక్ ఫలితం. ఈ రకంలో ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 41 మైక్రోవోల్టులు వస్తాయి.

టర్బోకు ముందు 1,250 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 677 డిగ్రీల సెల్సియస్) దాటి ఎక్కువసేపు నడపరాదన్నది బరువు లాగేవారు పాటించే నియమం. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. అయితే ఇంజన్ ఆయిల్ పిస్టన్‌ను చల్లబరుస్తూ ఉంటుంది కాబట్టి అది వాయువులంత వేడెక్కదు. ఎక్కువసేపు అదే వేడి కొనసాగితే మాత్రం ఆ రక్షణ చాలదు. ముల్లు పైకి పోతున్నప్పుడు యాక్సిలరేటరును కొద్దిగా వదలాలి, లేదా గేరు తగ్గించాలి. గేరు తగ్గిస్తే ఇంజన్ వేగం పెరిగి, ఇంధనానికి తగినంత గాలి అందుతుంది.

4.2 బూస్ట్: టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి పీడనాన్ని ఇది చూపిస్తుంది. సాధారణ బూస్ట్ గేజ్ బయటి వాతావరణ పీడనం కంటే ఎంత ఎక్కువ ఉందో మాత్రమే చెబుతుంది. కింది ఉదాహరణ చూడండి.

సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం 14.7 పి.ఎస్.ఐ. గేజ్ 20 చూపితే మొత్తం పీడనం 34.7. సొరంగం ఎత్తులో వాతావరణ పీడనం సుమారు 9.7 మాత్రమే. అక్కడ కూడా గేజ్ 20 చూపితే మొత్తం 29.7. అంటే ముల్లు అదే చోట ఉన్నా పీడనం సుమారు 14 శాతం తగ్గింది. గాలి తగ్గి, ఇంధనం అంతే ఉంటే ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. అందుకే బూస్ట్, పైరోమీటరు రెండింటినీ కలిపి చదవాలి. అదే దారిలో, అదే బరువుతో బూస్ట్ మునుపటి కంటే తగ్గి వేడి పెరిగితే ఇంటర్‌కూలర్ గొట్టం దగ్గర గాలి లీకును అనుమానించాలి.

4.3 ట్రాన్స్‌మిషన్ ఉష్ణోగ్రత: ఆటోమేటిక్ గేరుబాక్సులో టార్క్ కన్వర్టర్ లాక్ కానప్పుడు కొంత శక్తి ఆయిల్‌లో వేడిగా మారుతుంది. ఆయిల్ మాడితే క్లచ్ ప్లేట్లు పాడవుతాయి. సెన్సర్‌ను అడుగున ఉండే ఆయిల్ ప్యాన్‌లో పెడితే ఆయిల్ సగటు స్థితి తెలుస్తుంది. కన్వర్టర్ నుంచి కూలర్‌కు వెళ్లే గొట్టంలో పెడితే అంకె ఎక్కువగా, త్వరగా మారుతూ కనిపిస్తుంది. సెన్సర్ ఎక్కడ ఉందో తెలియకుండా ఇద్దరి బండ్ల అంకెలను పోల్చకూడదు.

4.4 ఇంధన పీడనం: ట్యాంకు నుంచి ఇంజెక్షన్ పంపుకు డీజిల్ సరిగా అందుతోందా అన్నది దీని ద్వారా తెలుస్తుంది. దీని అవసరం కింది ఉదాహరణలో స్పష్టమవుతుంది.

5. విడి గేజా, మానిటరా?

మొదటి వాహనం: 1998 మధ్య నుంచి 2002 మోడల్ వరకు వచ్చిన, 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్ గల డాడ్జ్ రామ్. వీటిలోని బాష్ వి.పి.44 ఇంజెక్షన్ పంపును చల్లబరిచేది, దానికి కందెనగా పనిచేసేది డీజిలే. డీజిల్‌ను అందించే లిఫ్ట్ పంపు బలహీనపడినా ఇంజన్ కొంతకాలం మామూలుగానే నడుస్తుంది. ఈలోగా ఖరీదైన ఇంజెక్షన్ పంపు లోపల అరిగిపోతుంది. లిఫ్ట్ పంపు పీడనాన్ని కొలిచే సెన్సర్ ఈ బండిలో లేదు. లేనిదాన్ని ఏ మానిటరూ చదవలేదు. కనుక ఇక్కడ విడిగా ఇంధన పీడన గేజ్ బిగించుకోవలసిందే.

రెండో వాహనం: 6.0 లీటర్ల పవర్‌స్ట్రోక్ ఇంజన్ గల ఫోర్డ్ సూపర్ డ్యూటీ. దీనిలో ఆయిల్ కూలర్ మూసుకుపోవడం తెలిసిన సమస్య. ఇంజన్ పూర్తిగా వేడెక్కి, సమతల రహదారిపై నిలకడగా నడుస్తున్నప్పుడు ఆయిల్, కూలంట్ ఉష్ణోగ్రతల తేడా 15 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే కూలర్‌ను పరీక్షించాలి. ఈ రెండు సెన్సర్లూ బండిలో ఉన్నాయి. డాష్‌బోర్డు మాత్రం ఆ అంకెలను చూపదు. ఓ.బి.డి. సాకెట్‌కు తగిలించే మానిటర్ ఆ పని చేస్తుంది. కొత్త సెన్సర్లు కొనవలసిన పని లేదు.

దీని నుంచి ఒక సూత్రం గ్రహించవచ్చు: సెన్సర్ ఉండి అంకె కనపడకపోతే మానిటర్, సెన్సరే లేకపోతే విడి గేజ్.

6. కొనేటప్పుడు, బిగించేటప్పుడు జాగ్రత్తలు

• డీజిల్ గొట్టాన్ని నేరుగా క్యాబిన్‌లోకి తెచ్చే గేజ్ వాడకూడదు. లీకయితే అగ్నిప్రమాదం జరగవచ్చు. ఇంజన్ దగ్గర సెన్సర్, క్యాబిన్‌లోకి వైరు మాత్రమే ఉండాలి.
• పైరోమీటరు సెన్సర్‌ను టర్బోకు ముందు పెడితే అసలు వేడి తెలుస్తుంది. టర్బో తరువాత పెడితే బరువు మీద వందల డిగ్రీలు తక్కువ చూపవచ్చు. రంధ్రం చేసేటప్పుడు లోహపు పొట్టు టర్బోలోకి పోకుండా చూడాలి.
• 52 మిల్లీమీటర్ల గేజ్‌లను అద్దం పక్క స్తంభంపై అమర్చే తొడుగులు దొరుకుతాయి. చూపు రోడ్డు మీద నుంచి ఎక్కువగా మళ్లకూడదు.
• బిగించిన మొదటి వారంలో ఖాళీ బండితోనూ, బరువుతోనూ వచ్చే అంకెలను రాసి పెట్టుకోవాలి. ఆ తరువాత వచ్చే మార్పును వాటితో పోల్చితేనే గుర్తించగలం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎత్తైన ప్రదేశంలో బూస్ట్ ముల్లు మారకపోయినా ఎగ్జాస్ట్ వేడి ఎందుకు పెరుగుతుంది?
2. పై డాడ్జ్ రామ్‌కు ఓ.బి.డి. మానిటర్ ఒక్కటే ఎందుకు చాలదు?
3. ఎగ్జాస్ట్ వేడి పెరిగినప్పుడు గేరు తగ్గిస్తే కలిగే ప్రయోజనమేమిటి?

7. సారాంశం

గేజ్ దానంతట అది ఇంజన్‌ను కాపాడదు. డ్రైవరుకు కొంత వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలో యాక్సిలరేటరు వదలడం, గేరు తగ్గించడం, బండి పక్కకు ఆపడం అతని చేతిలో ఉన్నాయి. కాబట్టి ఎన్ని గేజ్‌లు ఉన్నాయన్నది ముఖ్యం కాదు. తన ఇంజన్ బలహీనతను చూపించే గేజ్ ఉందా, ఆ అంకెను చూసి ఏం చేయాలో తెలుసా అన్నవే ముఖ్యం.