మామిడి మొగ్గ: పూతా, చిగురా? జన్యువు, ఋతువుల పాత్ర

మన కావ్యాలలో మామిడి వసంతానికి గుర్తు. మావిచిగురు, కోకిల కలిసి రావడం కవిసమయం. అయితే ఉగాది పచ్చడిలో వేయడానికి అప్పటికే పిందె దశ దాటిన మామిడికాయ సిద్ధంగా ఉంటుంది. అంటే పూత వసంతానికి ముందే, మార్గశిర పుష్య మాఘాలలో వచ్చి ఉండాలి. పూతకు కారణమైన మార్పు ఇంకా ముందే కొమ్మ చివరి మొగ్గలో మొదలవుతుంది. ఆ మార్పులో జన్యువు పాలెంత, పరిసరాల పాలెంత అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

బంగినపల్లి తోటను ఉదాహరణగా తీసుకోవచ్చు. అంటుమొక్కలతో పెంచిన తోట గనుక వేరుమొక్కలు వేరైనా, పైభాగాలన్నింటి జన్యుసంపద దాదాపు ఒకటే. అయినా ఒక చెట్టు విరగబూస్తే పక్కచెట్టు చిగురిస్తుంది. ఒకే చెట్టులో తూర్పు కొమ్మ పూసి పడమటి కొమ్మ ఊరుకోవడమూ కద్దు. జన్యువే సర్వస్వమనే వాదానికి ఇంతకన్న తేలికైన జవాబు అక్కరలేదు.

నిద్రలో ఉన్న మామిడి మొగ్గ పూమొగ్గా కాదు, ఆకుమొగ్గా కాదు. అది కదలడం మొదలుపెట్టినప్పుడున్న పరిస్థితులే దాని దారిని నిర్ణయిస్తాయి. ఉష్ణోగ్రతను నియంత్రించిన గదుల్లో జరిపిన ప్రయోగాలలో పగలు 18, రాత్రి 10 డిగ్రీల సెల్సియస్ వద్ద కదిలిన మొగ్గలు పూతనిచ్చాయి. పగలు 30, రాత్రి 25 డిగ్రీల వద్ద కదిలినవి చిగురించాయి. ఇందులో ఆకుల పాత్ర కీలకం. కొమ్మ బెరడును వలయంగా తీసి, ఆపై ఆకులన్నీ తుంచేస్తే చలి ఉన్నా పూత రాదు. ఆకుల్లో తయారై మొగ్గకు చేరే పూత సంకేతానికి 1930లలోనే సోవియట్ శాస్త్రజ్ఞుడు చైలఖ్యాన్ ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అది ఎఫ్‌టి అనే జన్యువు నుంచి వచ్చే ప్రోటీను అని తేలడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. అలాంటి జన్యువులు మామిడిలోనూ ఉన్నాయి. జన్యువు, ఋతువు ఎదురెదురు పక్షాలు కావని ఇక్కడే తెలుస్తుంది: జన్యువు పనిచేసే వేళను ఋతువు చెబుతోంది.

తెలుగునేల తోటల్లో పది డిగ్రీల చలి అరుదు. అందువల్ల ఇక్కడ కొమ్మ వయస్సుకు ప్రాధాన్యం ఎక్కువ. చివరి చిగురు ముదిరి నాలుగైదు నెలలైన కొమ్మ, స్వల్పమైన చలికే పూస్తుంది. పూతకు ముందు రైతులు నీరు ఆపడంలోని మర్మమిదే: కొత్త చిగురు రాకపోతే పాత కొమ్మ ముదురుతుంది. శీతకాలం ముంగిట వాన గట్టిగా పడితే ఆ లెక్క తప్పుతుంది, పూత బదులు ఎర్రని చిగురు వస్తుంది. కవికి అది సౌందర్యం, కౌలురైతుకు అది ఆ ఏటి అప్పు.

రకాన్నిబట్టి స్పందన మారడం మాత్రం జన్యువుల పనే. చాలా రకాలు ఏడాది విడిచి ఏడాది కాస్తాయి. కాయల బరువు మోసిన చెట్టులో నిల్వ ఆహారం తగ్గుతుంది. చిగురు ఆలస్యమై, పూతవేళకు కొమ్మలు ముదరవు. గింజల్లో పుట్టే జిబ్బెరెల్లిన్ అనే హార్మోను కూడా పూతకు అడ్డే. నీలం రకం దాదాపు ప్రతి ఏటా కాస్తుంది. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ దశేరిని నీలంతో సంకరపరచి రూపొందించిన ఆమ్రపాలికి ఆ గుణం సంక్రమించింది. రైతులు కల్టారు అని పిలిచే పాక్లోబ్యూట్రజాల్, చెట్టులో జిబ్బెరెల్లిన్ తయారీని తగ్గించి, రకం మార్చకుండానే పూత తెప్పిస్తుంది.

మొగ్గ కదిలాక మధ్యలో చలి తగ్గి ఎండ ముదిరితే, మొదలైన పూగుత్తే ఆకులు తొడుగుతుంది. అప్పుడు ఒకే కాడపై సగం పూత, సగం చిగురు కనిపిస్తాయి.