‘టీరిష్’ ఆకలి, టీరిష్ గంభీరం

జర్మన్‌లో ‘టీర్’ అంటే జంతువు. దాని విశేషణం ‘టీరిష్’. జంతువులకు సంబంధించినదని నిఘంటువు చెబుతుంది. కానీ అక్కడి కుర్రకారు నోట ‘టీరిష్ ఆకలి’ అంటే నకనకలాడే ఆకలి, ‘టీరిష్ గూట్’ అంటే మహా బాగుందని! మనం ఎవరికైనా ‘పశువు’ తగిలిస్తే తగాదాయే. వాళ్లు మెచ్చుకోలుకీ వాడేస్తారు.

జర్మనీలో చదువుకుంటున్న మన శాకాహార పిల్లలకు మాత్రం నిఘంటువు అర్థమే ముఖ్యం. చీజ్ ప్యాకెట్ మీద ‘టీరిషెస్ లాబ్’ అని ఉంటే, పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన ఎంజైమ్ వంటిది వాడారన్నమాట.

జర్మన్ కవి గొయెథే నాటకం ‘ఫౌస్ట్’ మొదటి భాగం 1808లో వెలువడింది. అందులో దేవుడి ఎదుట మనిషిని ఎద్దేవా చేయడానికి సైతాను మెఫిస్టోఫిలిస్ ఎంచుకున్నదీ ‘టీరిష్’ అన్న ఈ మాటే.

అన్నిటికన్నా తమాషా ‘టీరిషర్ ఎర్న్‌స్ట్’. నవ్వన్నది మచ్చుకైనా లేని మొండి గంభీరానికి ఆ పేరు. బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దుల దగ్గరున్న ఆహెన్ నగరంలో కార్నివాల్ సంఘం ఏకంగా ఆ గంభీరానికి వ్యతిరేకంగా ఓ బిరుదే పెట్టింది. 1950లో మొదటిసారి అందుకున్నది జర్మనుడు కాదు, జేమ్స్ డగ్డేల్ అనే బ్రిటిష్ సైనిక ప్రాసిక్యూటర్. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అయిదేళ్లే అయింది, ఊరు ఇంకా బ్రిటిష్ వారి అజమాయిషీలోనే ఉంది. అలాంటి రోజుల్లో జైల్లో ఉన్న ఒకతణ్ణి పండగ చేసుకు రమ్మని కార్నివాల్ రోజులకు బయటికి వదిలాడట. శిక్ష వేయించాల్సినవాడే అలా చేస్తే బిరుదు ఇవ్వకుండా ఎలా ఉంటారు? 1959లో పశ్చిమ జర్మనీ చాన్సలర్ అడెనావర్‌కీ దక్కింది. బిరుదు పుచ్చుకున్నవారు పంజరంలో నిలబడి నవ్వించే ప్రసంగం చేయడం ఆనవాయితీ. రాజకీయ నాయకుల్ని పంజరంలో పెట్టి మాట్లాడించడం నాకైతే భలే నచ్చింది.

ఇక జంతువుల పేర్లతోనే అల్లిన విశేషణాలు కొల్లలు. బాగా అలసిపోతే ‘హుండెమ్యూడె’, కుక్కంత అలసట. ఎముకలు కొరికే చలి ‘జౌకాల్ట్’, ఆడపంది చలి. ఎవరికీ చిక్కకుండా జారిపోయే మాటకారి ‘ఆల్‌గ్లాట్’, మలుగుపామంత నున్నన. తడిసి ముద్దయితే ‘పూడెల్‌నాస్’. పూడుల్ కుక్కలు ఒకప్పుడు నీళ్లలో దూకి వేటగాళ్లు కొట్టిన బాతుల్ని తెచ్చేవి, ఆ తడి అన్నమాట. ఒళ్లూ మనసూ హాయిగా ఉంటే ‘పూడెల్‌వోల్’. దానికీ అదే కుక్క!